దారం రెండో కొస

అంహెల్మో రేవు, పుయెర్తో మోంత్
ఏప్రిల్ 16, 1968

దొమితిలా వదిన గారికి,

నా చేతిరాత చూసి కంగారు పడకండి. మా ఇంట్లో ఉత్తరాలు రాసే పని ఎప్పుడూ మీ చెల్లెలిదే. ఆవిడ రాసిందంతా రాశాక చివర్లో కాస్త చోటు మిగిలితే నేను సంతకం పెట్టేవాణ్ణి. ఈసారి పెన్ను నా చేతికొచ్చింది. ఒతీలియా తడి మెట్ల మీద జారింది. కుడి చెయ్యి బెణికింది. పెద్దదేం కాదు. కొన్నాళ్లు కదపకూడదన్నారంతే.

అసలు విషయం కోడి. ఆదివారం పూట ఆవిడ పొయ్యి అరలో పెట్టి కాల్చే కోడి మీకు తెలిసిందే. ఇన్నేళ్లు తిన్నాను గానీ దాన్ని అలా ముద్దగా, ఒద్దికగా ఎలా కడుతుందో ఒక్కనాడూ నిలబడి చూడలేదు. మొన్న ఆదివారం నేనే చేద్దామని కూర్చున్నాను. పడవ చెక్కల సందుల్లో నార దట్టించేవాడి ఇంట్లో దారానికేం కరువు? చేతికి అందింది తీసి కట్టాను. ముడి బ్రహ్మాండంగా పడింది. తుఫానుకైనా ఊడదు. అయితే అది తారు పూసిన దారం వదినా. కాసేపటికి ఇల్లంతా కొత్త పడవ వాసన. పక్కింటి ఎర్మీనియా తలుపు తోసుకొచ్చి, "ఏమయ్యా, రేవు గానీ అంటుకుందా?" అంది. ఒతీలియా ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది.

కాబట్టి కోడిని ఎలా కట్టాలో కాస్త వివరంగా రాయండి. మీ అమ్మగారు మీ ఇద్దరికీ నేర్పిన పద్ధతే కావాలి. వేరేది ఒతీలియా తినదు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఎవరిస్తో


ఆచావో
ఏప్రిల్ 27

ఎవరిస్తో,

తారు దారమా! నిన్ను చేసుకుంటానని మా చెల్లెలు పట్టుబట్టిన రోజే మా అమ్మ అంది, "ఆ అబ్బాయిని ఎన్నిసార్లు రుద్ది కడిగినా తారు కంపు పోదే" అని. నీ ఒంటికే అనుకున్నాను, కోడికి కూడా పట్టిస్తావని అనుకోలేదు. నాలుగు రోజులు తలుచుకుని నవ్వుకున్నాను. మా ఆయన బల్దొమేరో పోయాక ఈ ఇంట్లో నవ్వు వినబడి పిల్లి కూడా బెదిరింది.

సరే, విను. తెల్ల నూలు దారం, కొత్తది, ఒక బార పొడవు. కోడిని లోపలా బయటా పొడిగుడ్డతో తుడువు. తడి ఉంటే దారం జారుతుంది, చర్మమూ వేగదు. కడుపులో ఉప్పు, చితక్కొట్టిన వెల్లుల్లి, కొత్తిమీర కట్ట. రెక్కల కొసలు మెలితిప్పి వీపు కిందికి మడువు. తల కింద చేతులు పెట్టుకుని పడుకున్న సోమరిలా ఉండాలి. రొమ్ము పైకి, కాళ్లు నీ వైపు. దారం సరిగ్గా మధ్యకి చూసి తోక కింద పెట్టు. రెండు కొసలూ పైకి తెచ్చి, కాళ్ల చివర్ల మీద ఒకదాని మీదుగా ఒకటి దాటించి, చెరో వైపు లాగు. రెండు కాళ్లూ దగ్గరికొచ్చి తోకని ఆనుకోవాలి. సంచి మూతి మూసుకున్నట్టు ఉంటుంది. పైన పందికొవ్వు రాయడం మర్చిపోకు.

ఇది సగమే. మిగతా సగం నీ జవాబు వచ్చాక రాస్తాను. ఎందుకంటావా? నాకో సందేహం ఉంది. చెయ్యి బెణికినదానికి నోరుంది కదా! పక్క గదిలో మంచం మీద కూర్చుని, "అలా కాదు మొద్దూ, ఇలా" అని చెప్పడానికి ఏమొచ్చింది? సముద్రం దాటించి ఈ దీవిలో ఉన్న నన్నెందుకు అడుగుతున్నావు? ఆ మొద్దు అనే మాట అనకుండా ఒక పూట గడిపే మనిషి కాదే అది.

నేను బాగానే ఉన్నాను. రొట్టెల కొట్టుకి వెళ్లాలన్నా చర్చి వెనక గుట్ట మీదుగా చుట్టు తిరిగి వెళుతున్నాను. రేవు కంటబడకుండా.

దొమితిలా


అంహెల్మో
మే 7

వదిన గారికి,

మీరు రాసినట్టే చేశాను. తెల్ల దారం కొన్నాను. కొట్టువాడు, "బొంతలు కుడుతున్నావా ఎవరిస్తో?" అన్నాడు. కాళ్లు చక్కగా దగ్గరికొచ్చాయి. మురిసిపోయాను. కానీ మీరు మిగతా సగం దాచుకున్నారు కదా, పొయ్యిలో వేడికి రెక్కలు విప్పుకుని, సంతలో తప్పతాగి వెల్లకిలా పడినవాడిలా తయారైంది. రొమ్ము కొసన ఎండిపోయింది. అయినా ఒతీలియా నాలుగు ముక్కలు తింది. నేను చిన్నచిన్నగా తుంచి పెట్టాను, చెయ్యి బాగాలేదు కదా.

మీరడిగినదానికి జవాబు. చలిగాలికి ఆవిడ గొంతు పట్టేసింది. మాట బొంగురుపోయి సరిగా రావడం లేదు. మాట్లాడించవద్దన్నారు. అందుకే మిమ్మల్ని అడిగాను. అంతే తప్ప వేరే ఏం లేదు.

ఇప్పుడు నా చేతిలో ఒక పాత పడవ ఉంది, అడుగంతా మళ్లీ దట్టించాలి. మధ్యాహ్నం ఇంటికొచ్చి వెళుతున్నాను. ఎర్మీనియా కూడా వచ్చి చూసిపోతోంది. మిగతా సగం తొందరగా రాయండి.

ఎవరిస్తో


ఆచావో
మే 14

ఎవరిస్తో,

చెయ్యి, గొంతు ఒకేసారి చెడేది దేనివల్లో నాకు తెలుసు. మా అమ్మకి అలాగే అయింది. నువ్వు అప్పుడు ఈ ఇంట్లోనే ఉన్నావు, శవపేటికకి చెక్కలు కోసింది నువ్వే. మర్చిపోయానని అనుకున్నావా?

చెయ్యి బెణికితేనే ముక్కలు తుంచి పెడతారా ఎవరైనా? ఎడమ చెయ్యి ఏమైంది? పొరుగావిడ వచ్చి చూసిపోవడమేంటి?

కోడి సంగతి తర్వాత. నా చెల్లెలికి ఏమైందో రాయి. పిల్లనేం కాదు, నిజం రాయి.

దొమితిలా


అంహెల్మో
మే 21

వదిన గారికి,

మార్చి నెలాఖరులో. పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను ముందుగదిలో బూట్లు వేసుకుంటున్నాను. దుప్పటి ఒకటి బురదలో పడ్డ చప్పుడైంది, తిట్టు వినబడలేదు. దుప్పటి పడితే ఆవిడ దేవుణ్ణి, గాలిని, నన్ను వరసపెట్టి తిడుతుంది కదా. ఏ మాటా రాకపోయేసరికి వెళ్లి చూశాను. దుప్పటి మీదే పడి ఉంది. కుడివైపు మొత్తం చచ్చుబడిపోయింది. ముఖం, చెయ్యి, కాలు.

ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. డాక్టరు మంచివాడే. "తినిపించు, అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టు, పక్షవాతం ఇంకోసారి రాకుండా ఉంటే అదృష్టం" అన్నాడు.

మాటల్లో ఒక్క మాట మిగిలింది. "రేపు." ఎందుకు అదే మిగిలిందో డాక్టరుకి కూడా తెలీదు. ఆకలేస్తోందా అంటే రేపు. నొప్పిగా ఉందా అంటే రేపు. ఎర్మీనియా ఎక్కువసేపు కూర్చుంటే చిరాగ్గా రేపు, రేపు. మొద్దు అనడం కూడా ఆ మాటతోనే అంటుంది, స్వరంలో తెలిసిపోతుంది నాకు. మనిషి మాత్రం లోపల మొత్తంగా ఉంది వదినా. అన్నీ అర్థమవుతాయి. ఏమీ తినేది కాదు. సూపు పెడితే ఉమ్మేసేది. ఒక ఆదివారం మంచం మీంచి పొయ్యి వైపు అదేపనిగా చూస్తుంటే అర్థమైంది. అందుకే కోడి.

మీకు ఎందుకు చెప్పలేదో చెబుతాను. చెబితే మీరు రెండిట్లో ఒకటి చెయ్యాలి. లాంచీ ఎక్కాలి, లేదా ఎక్కకూడదు. బల్దొమేరో అన్నయ్య ఏ అఖాతంలో మునిగాడో అదే దాటి రావాలి మీరు. ఇక జన్మలో పడవలో కాలు పెట్టనని ఆయన టోపీ మీద ఒట్టు పెట్టుకున్నారు. అంత భారం మీ నెత్తిన పెట్టలేకపోయాను. చెయ్యి బెణికిందని రాసినప్పుడు ఒతీలియా పక్కనే ఉంది. చదివి వినిపించాను. తలాడించింది.

ఎవరిస్తో


ఆచావో
మే 29

ఎవరిస్తో,

నేను వస్తున్నాను.

వచ్చే మంగళవారం తొరీబియో లాంచీ. మాట్లాడేశాను. సంచి సర్దేశాను. చెల్లెలికి రెండు ఉన్ని మేజోళ్లు అల్లాను, ఒక కాలికి చలి తెలియదని ఒక్కటే అల్లితే ఊరుకుంటుందా! నా కోళ్లలో మచ్చల పెట్ట బాగా ఒళ్లు చేసింది, దాన్ని బుట్టలో పెట్టి తెస్తున్నాను.

ఈలోగా ఆదివారం వస్తుంది కాబట్టి మిగతా సగం రాస్తున్నా. కాళ్లు బిగించాక రెండు కొసల్నీ చెరో వైపున, తొడకీ రొమ్ముకీ మధ్య సందులోంచి మెడ దాకా తీసుకెళ్లు. కోడిని బోర్లా తిప్పు. దారం రెక్కల మీదుగా వచ్చి వాటిని ఒంటికి అదిమి పట్టాలి. మెడ దగ్గర వదులుగా వేలాడే చర్మాన్ని వీపు మీదికి లాగి, దాని మీద ముడి వెయ్యి. పడవ ముడి కాదు, మామూలు ముడి. మరీ బిగించావో, తొడ సందులోకి వేడి పోక లోపల నెత్తురు నెత్తురుగా ఉండిపోతుంది. కోడి దగ్గరగా ఉండాలి, ఊపిరాడనట్టు ఉండకూడదు.

ఒక్కడివే కడితే నువ్వు లాగిన వైపుకి వాలిపోతుంది. మేం చిన్నప్పుడు చెరో కొస పట్టుకునేవాళ్లం. అమ్మ, "ఇప్పుడు" అనేది. ఇద్దరం ఒక్కసారి లాగేవాళ్లం. ఒతీలియా ఎప్పుడూ ముందే లాగేసేది, కోడి దాని ఒళ్లో పడేది. వచ్చాక చూపిస్తాలే.

దానికి చెప్పు, అక్క వస్తోందని.

దొమితిలా


ఆచావో
జూన్ 4, మంగళవారం

ఎవరిస్తో,

ఈ ఉత్తరం, కోడి, మేజోళ్లు తొరీబియో తెచ్చి ఇస్తాడు. నేను రాలేదు.

రేవు చెక్కల మీద చివరిదాకా వెళ్లాను. సంచి లాంచీలో పెట్టేశారు. తొరీబియో చెయ్యి చాపి, "ఒక్క అడుగు దొమితిలా, అంతే. భయమైతే కళ్లు మూసుకో" అన్నాడు. "మూసుకుంటే ఆయనే కనబడతాడు తొరీబియో" అన్నాను. నవ్వాడు పాపం, ఏమనాలో తెలియక. ఒక కాలు ఎత్తాను కూడా. లాంచీ నీళ్ల మీద కొద్దిగా దూరం జరిగింది, ఆ సందులో నీళ్లు నల్లగా కనబడ్డాయి. చెక్కల మీద కూలబడ్డాను. అందరూ చూశారు. ఎవరో నీళ్లు తెచ్చారు. చేపలమ్మే రెహీనా నా తల ఒళ్లో పెట్టుకుంది.

నా గొంతులోంచి వచ్చిన అరుపు నాకే తెలియదు. రెహీనా చెప్పింది.

సంచి దించేశారు. కోడి మాత్రం నాకంటే నయం. బుట్టలోంచి తల బయటపెట్టి దర్జాగా వెళుతోంది.

ఈ ఉత్తరం చెల్లెలికి చదవకు. అక్కకి జలుబు చేసిందని చెప్పు. ఏదో ఒకటి చెప్పు. అబద్ధాలు నీకు చేతకావని తెలుసు, అయినా చెప్పు.

దొమితిలా


అంహెల్మో
జూన్ 18

వదిన గారికి,

కోడి అందింది. మేజోళ్లు సరిపోయాయి. మీ ఉత్తరాలు రెండూ ఆవిడకి చదివాను. ఈ ఇంట్లో ఇప్పుడు దాచడానికి ఏమీ లేదు. మీ ఉత్తరాలు వచ్చిన రోజు నేను బయటే కవరు చింపితే ఊరుకోదు కూడా, తన ఎడమ చేతికివ్వాలి.

మచ్చల పెట్టని మొన్న ఆదివారం కోశాను. బల్లని మంచం పక్కకి లాగి, ఆవిడని దిళ్లకి ఆనించి కూర్చోబెట్టి, ఎదురుగానే పని మొదలుపెట్టాను. తుడిచాను, రెక్కలు మడిచాను. దారం తోక కింద పెట్టగానే "రేపు" అంది, గట్టిగా. మధ్యకి పెట్టలేదట. సర్దాను. కొసలు దాటించి లాగితే కోడి నా వైపు వాలింది. మళ్లీ లాగాను. మళ్లీ వాలింది. "రేపు, రేపు!" అంటూ ఎడమ చెయ్యి చాపింది. ముందు అర్థం కాలేదు. కోడిని తనకిమ్మంటోందా అనుకున్నాను. కాదు. దారం.

ఒక కొస ఇచ్చాను. వేలికి రెండు చుట్లు చుట్టుకుంది. మీరు రాసిన మాట గుర్తొచ్చి "ఇప్పుడు" అన్నాను. ఆ "ఇప్పుడు" పూర్తి కాకముందే లాగేసింది. ఎంత బలమనుకున్నారు! కోడి వెళ్లి దుప్పటి మీద పడింది. ముఖంలో కదిలే సగంతో నవ్వింది, నోటి పక్కనుంచి కాస్త చొంగ కారింది. నేను తుడుస్తుంటే మళ్లీ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లి కట్టెలు సర్దుతున్నట్టు కాసేపు అటు తిరిగి ఉన్నాను.

బాగా కాలింది. చర్మం పెళుసుగా వచ్చింది. తొడ సందు దాకా ఉడికింది. దారం కత్తిరించేటప్పుడు కూడా తనే కొస పట్టుకుంది. తొడ మాంసం కొద్దిగా, రెండు బంగాళదుంపలు తింది. కొద్దిగా వైన్ కూడా అడిగింది. వేలితో చూపించిందిలెండి.

రమ్మని గానీ వద్దని గానీ నేను చెప్పను. లాంచీలు మంగళవారం, శుక్రవారం ఇక్కడికొస్తాయి. ఆ సంగతి మీకు తెలుసు.

ఎవరిస్తో


తంతి
పుయెర్తో మోంత్, జూలై 9

ఒతీలియా తెల్లవారుజామున వెళ్లిపోయింది. పక్షవాతం మళ్లీ వచ్చింది, ఈసారి ఆగలేదు. శుక్రవారం తొరీబియో లాంచీలో ఇద్దరం వస్తున్నాం. మీ అమ్మగారి పక్కన చోటు చూడండి. ఎవరిస్తో.


ఆచావో
జూలై 30

ఎవరిస్తో,

నువ్వు వెళ్లి వారమైంది. చేరావని తొరీబియో చెప్పాడు. ఇల్లు ఎలా ఉంది అని అడగను. ఎలా ఉంటుందో నాకు తెలుసు. పొయ్యి మాత్రం ఆరనివ్వకు. చల్లని పొయ్యి ఉన్న ఇంట్లోకి తిరిగి రావడం అన్నిటికంటే కష్టం.

నువ్వు కళ్లారా చూసిన సంగతే మళ్లీ రాస్తున్నాను, కానీ నువ్వు చూసింది బయటనుంచి. ఆరోజు పోటు తగ్గిపోయి లాంచీ రేవు దాకా రాలేదు కదా. బురదలో అడుగు ఆనించి అంత దూరంలో ఆగింది. ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. వాన. మగవాళ్లు ప్యాంట్లు మడిచి నీళ్లలోకి దిగుతున్నారు. నువ్వు పైన పేటిక పక్కన, టోపీ తీసి, తలంతా తడిసి, ఒక్కడివే నిలబడ్డావు. ఒక చెయ్యి పేటిక మీద ఉంది, అది జారిపోకుండా పట్టుకున్నట్టు. దాన్ని అంతకుముందే తాళ్లతో కట్టేశారు, అయినా పట్టుకున్నావు.

నేను దిగుదామని దిగలేదు. చెప్పులు ఎప్పుడు విడిచానో తెలియదు. రెహీనా, "అమ్మో, దొమితిలా! వద్దే!" అని అరవడం విన్నాను. నీళ్లు మోకాళ్లు దాటాయి, నడుము దాకా వచ్చాయి. ఎంత చల్లగా ఉన్నాయో! తొరీబియో పైనుంచి నన్ను రెండు జబ్బలు పట్టుకుని బస్తా ఎక్కించినట్టు ఎక్కించాడు. "ఎక్కావు" అన్నాడు. అంతే. నేను పేటిక మీద పడిపోయాను. అది కొత్త చెక్క వాసన వేస్తోంది. నీ చేతి పని అని తెలిసింది. సందుల్లో నార కూడా దట్టించావు.

బతికున్న చెల్లెలి కోసం ఎక్కలేని పడవ చచ్చిపోయిన చెల్లెలి కోసం ఎక్కాను. ఊళ్లో అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. రొట్టెలు ఇచ్చి, మాతే తేనీరు పోసి, "నీ గుండె గొప్పది దొమితిలా" అంటున్నారు. వాళ్లని ఇంట్లోంచి వెళ్లగొట్టాలనిపిస్తోంది. ఒక్క అడుగు. జూన్ నాలుగో తారీకున ఒక్క అడుగు వేసి ఉంటే, ఆ రెండో కొస నేను పట్టుకునేదాన్ని, చిన్నప్పటిలా అది ఒకటి, నేను ఒకటి. దాని నోటి వెంట ఆ "రేపు" ఒక్కసారైనా వినేదాన్ని. ఎలా అనేదో నాకు తెలియదు. నువ్వు ఎన్ని రాసినా స్వరం కాగితం మీద రాదు.

తొమ్మిది రోజుల ప్రార్థనలు ముగిసిన నాటి భోజనం సంగతి. మా వంటింట్లో అంతమంది ఆడవాళ్ల మధ్య నువ్వు చేతులు కడుక్కుని వచ్చి, "కోళ్లు నేను కడతాను" అన్నప్పుడు అందరూ నోళ్లు తెరిచారు. "తారు తెచ్చుకున్నావా బాబూ?" అని రెహీనా అంటే ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. ఆ కథ దానికి చెప్పింది నేనే, ఏమనుకోకు. తర్వాత రెహీనా మంచి మనసుతోనే, "ఇటివ్వు, ఒక కొస నేను పడతా" అని చెయ్యి చాపింది. నువ్వు "వద్దమ్మా" అన్నావు. మెల్లగానే అన్నావు. కొసని పళ్ల మధ్య కరిచిపట్టుకుని ఒక్కడివే కట్టావు. ఒక్కటీ వాలలేదు. నేను బయటికొచ్చి కట్టెల కుప్ప దగ్గర నిలబడ్డాను.

నిన్ను ఒక్కటే అడుగుతాను. నువ్వు నా మొహం మీద అనలేదు, ఇప్పుడు రాసి పంపు, నేను తట్టుకుంటాను. అది నా కోసం చూసిందా? తలుపు వైపు చూసేదా? పోయేముందు నన్ను తిట్టుకుందా?

దొమితిలా


అంహెల్మో
ఆగస్టు 13

వదినా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఈ జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో పడేశాను. పొయ్యి ఆరలేదు, ఆ విధంగానైనా.

"వస్తున్నాను" అని నువ్వు రాసిన ఉత్తరం చదివినప్పుడు ఒతీలియా సంతోషిస్తుందనుకున్నాను. కళ్లు పెద్దవి చేసింది. నా చొక్కా చెయ్యి పట్టుకుని గుంజింది. కిటికీలోంచి నీళ్ల వైపు చూపిస్తూ "రేపు, రేపు, రేపు" అని ఒకటే ఏడుపు. అక్కని చూడాలని ఆత్రం అనుకుని, "వస్తుందిలే, మంగళవారం వచ్చేస్తుంది" అన్నాను. అప్పుడు నన్ను కొట్టింది. ఎడమ చేత్తో, నిజంగానే కొట్టింది. గోడకి తగిలించిన బల్దొమేరో అన్నయ్య ఫోటో చూపించింది. మళ్లీ నీళ్లు చూపించింది. అప్పుడు అర్థమైంది. ఆ రెండు మూడు రోజులూ ఏమీ ముట్టలేదు. గాలి వీచినప్పుడల్లా తల ఎత్తేది.

మంగళవారం సాయంత్రం తొరీబియో ఒక్కడే గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో కోడి బుట్ట. ఒతీలియా అతని వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. "ఆవిడ రాలేదమ్మా. రేవులో ఆగిపోయింది. ఇంటి దగ్గరే ఉంది, క్షేమం" అన్నాడు. జలుబని చెప్పమన్నావు, చెప్పే పని లేకుండా పోయింది. నీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని గుండె మీద పెట్టుకుంది. "రేపు" అంది, చాలా నెమ్మదిగా, పసిపిల్లని జోకొట్టేటప్పుడు అన్నట్టు. వెంటనే నిద్రపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అంత నిద్ర చూడలేదు. లేచి ఆకలేస్తోందని చూపించింది. ఆ తర్వాతే వదినా దారం కొస పట్టుకున్నది. భయంతో ఉన్న రోజుల్లో అయితే ఆ చెయ్యి పైకి లేచేది కాదు.

తలుపు వైపు చూడలేదు. నిన్ను తిట్టుకోలేదు. తన అక్క నేల మీద, తన ఇంట్లో, కోళ్ల మధ్య ఉందనే నమ్మకంతో వెళ్లిపోయింది.

ఇదంతా అప్పుడే జూన్‌లో రాసి ఉండాల్సింది కదా అంటావు. రాద్దామని కూర్చున్నాను కూడా. రాస్తే నువ్వు నిశ్చింతగా అక్కడే ఉండిపోతావనిపించింది. అందుకే రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఈ ఇంట్లో ఒకే ఒక్క మాట వింటూ, దానికి నేనే అర్థాలు చెప్పుకుంటూ, నాకు చాలా కష్టంగా ఉండేది. ఇంకో మనిషి గొంతు కావాలనిపించేది. నీ తిట్లయినా సరే.

నీ కోసం ఎదురుచూసింది ఆమె కాదు వదినా. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం, పని ఆపి, చేతులు తుడుచుకుని, లాంచీ తాడు వేసేదాకా రేవు చివర నిలబడింది నేను.

ఎవరిస్తో